కొడుకును పంపిన ఇంటికి తెలుగులో ఒక్క కాగితం పంపండి

సైనిక శిక్షణ కేంద్రాల కమాండెంట్లకు, ఆర్మీ రిక్రూటింగ్ కార్యాలయాల అధికారులకు, మన రెండు రాష్ట్రాల జిల్లా సైనిక సంక్షేమ అధికారులకు,

అయ్యలారా, నమస్కారం.

నేను శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఒక పల్లెలో అంగన్‌వాడీ టీచర్ని. మా ఆయన కొబ్బరికాయలు ఒలిచే పనికి వెళ్తారు. మాకు ఒక కొడుకు, ఒక కూతురు. కొడుకు అగ్నివీర్‌గా, అంటే సైన్యంలో నాలుగేళ్ల కొలువుకు, ఎంపికై 2025 ఏప్రిల్ ఆఖరులో శిక్షణకు వెళ్లాడు. డిసెంబరు మొదటివారంలో కసమ్ పరేడ్ (శిక్షణ ముగిశాక ప్రమాణం చేసే పరేడ్) చేసి, సెలవుకు ఇంటికొచ్చి, మళ్లీ వెళ్లి ఇప్పుడు యూనిట్లో ఉన్నాడు. క్షేమంగా ఉన్నాడు. వాడికి నేర్పిన విద్యకు, పెట్టిన తిండికి ముందుగా మీకు దండం పెట్టి ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను. వాడి శిక్షణలో తప్పులు పట్టాలని రాయడం లేదు. ఆ 31 వారాలు మా ఇంట్లో ఎలా గడిచాయో, అందులో ఎంత బాధ అక్కర్లేకుండా పడ్డామో మీకు తెలియాలని రాస్తున్నాను.

సైన్యంలోకి వెళ్తానని వాడు మొదటిసారి అన్నది ఆరో తరగతిలో. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా తీరం మీద పడింది. వెలుగొచ్చాక చూస్తే మా పెరట్లో పది కొబ్బరిచెట్లకు రెండే నిలబడి ఉన్నాయి. జీడితోటలు వేళ్లతో సహా లేచిపోయాయి. కొబ్బరిమొక్క పెట్టి కాయ కళ్లచూడాలంటే ఐదారేళ్లు ఆగాలి. రోడ్డుకు అడ్డంగా పడిన చెట్లను కోసి దారి చేయడానికి విపత్తుల్లో ఆదుకునే ఎన్‌డీఆర్‌ఎఫ్ దళం వాళ్లు వస్తే, బడి లేని ఆ రోజులన్నీ వాడు వాళ్ల వెనకాలే తిరిగాడు. రాత్రికి వచ్చి, "అమ్మా, నాను కూడా అలాటి డ్రెస్సు ఏసుకుంతాను" అన్నాడు. పిల్లాడి మాట అనుకున్నాను.

ఇంటర్ రెండో ఏడు వచ్చేసరికి అది పిల్లాడి మాట కాదని తెలిసింది. తెల్లవారుజామున నాలుగింటికి లేచి సముద్రపు ఒడ్డున ఇసుకలో పరుగు. ఇసుకలో కాళ్లు గట్టిపడ్డాక తారురోడ్డు మీద పరుగు. సైన్యం ఎంపిక ర్యాలీలో 1600 మీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలోపు పరుగెడితే 60 మార్కులు. ఆ ముప్పై సెకన్ల కోసం ఏడాది పాటు ఫోన్లో టైము చూసింది నేనే. చీకట్లో ఒక చేత్తో టార్చిలైటు, ఒక చేత్తో ఫోను పట్టుకుని మైలురాయి దగ్గర నిలబడేదాన్ని. ఇంటికొచ్చి చల్లబడ్డాక చెంబుడు రాగి అంబలి తాగి కాలేజీకి పోయేవాడు. ర్యాలీలో గెలిచిన రోజు వాడి బూట్ల మడమలు అరిగి, లోపలి గుడ్డ కనిపిస్తోంది. ఆ బూట్లు పారేయలేదు. అటక మీద ఉన్నాయి.

అప్పటికి వాడికి పద్దెనిమిది నిండలేదు. అమ్మానాన్నల్లో ఒకరి సంతకం కావాలన్నారు. నేనే పెట్టాను. ఆ సంతకం మాట మళ్లీ చెబుతాను.

పలాస స్టేషన్లో రైలెక్కించాం. నల్ల ట్రంకుపెట్టె, మా అమ్మ చేసిన జంతికలు, కాగితాల ఫైలు. వాడితో పాటు ఇంకో నలుగురు కుర్రాళ్లు. రైలు కదిలాక మా ఆయన ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచి, అక్కడే చాలాసేపు ఉండిపోయారు. నేను వెళ్లి పిలవలేదు.

ఆ తర్వాత మాకు ఏ కబురూ లేదు. ఫోన్లు తీసేసుకుంటారని వాడు చెప్పాడు గానీ, ఎన్నాళ్లకు ఇస్తారో వాడికీ తెలియదు. చేరినట్టు ఒక్క ముక్క వస్తే చాలనుకున్నాం. రోజులు లెక్కపెడుతుండగా మే 7న పాకిస్తాన్ మీద ఆపరేషన్ సిందూర్ మొదలైంది. అదే రోజు విశాఖపట్నంలో, హైదరాబాద్‌లో యుద్ధం వస్తే ఏం చేయాలో చూపే మాక్‌డ్రిల్ జరిగిందని టీవీలో చూపించారు. మా పల్లెలో కొడుకు సైన్యంలో ఉన్న ఇల్లు మాదొక్కటే. పశ్చిమగోదావరిలో మాధవరం అనే ఊరుందట. మొదటి ప్రపంచయుద్ధం నాటి నుంచీ ఇంటింటి నుంచీ సైన్యానికి వెళ్లేవాళ్లట. అలాంటి ఊళ్లో అయితే భయమేసినప్పుడు అడగడానికి పక్కింట్లోనే ఎవరో ఒకరుంటారు. మా వీధిలో ఎవర్ని అడగను? వచ్చినవాళ్లంతా నన్నే అడిగారు, మీవాణ్ని బోర్డరుకు పంపేశారా అని.

మే 9న సత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లి తండాకు చెందిన అగ్నివీర్ మురళీ నాయక్ సరిహద్దులో వీరమరణం పొందాడని వార్త వచ్చింది. ఆ తల్లి ఏడుపు టీవీలో చూసి మా ఆయన టీవీ ఆపేశారు. ఆ రాత్రి మేమిద్దరం ఒకరితో ఒకరం మాట్లాడుకోలేదు. మా అమ్మాయి వచ్చి నా పక్కన పడుకుని, "అమ్మా, అన్నయ్య ఎల్లి పది దినాలే కదా, తుపాకీ పట్టుకోడమైనా వచ్చుంటాదా" అంది. పదిహేనేళ్ల పిల్లకు తట్టిన ఆ మాట నాకు తట్టలేదు. తట్టినా ధైర్యం వచ్చేది కాదు, పెద్దవాళ్లెవరైనా చెప్పాలి కదా.

మర్నాడు పక్క ఊళ్లో ఉన్న రిటైర్డ్ హవల్దారు గారింటికి వెళ్లాను. ఆయన నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, మజ్జిగ ఇప్పించి, ఒక్క మాట చెప్పారు: "అమ్మా, కసమ్ తిననివాడు ఇంకా రిక్రూటే. రిక్రూటును ఏ సరిహద్దుకూ పంపరు. నీ కొడుకు ఇప్పుడు పొద్దున పీటీ, మధ్యాహ్నం క్లాసు, సాయంత్రం బూటు పాలిషు. అంతే." ఆ రాత్రి నిద్రపోయాను.

అయ్యలారా, ఆ ఒక్క మాట చెప్పడానికి మీకెంత ఖర్చవుతుంది? పిల్లాడి చేతికి ఇచ్చే చేరిక కాగితాలతో పాటు, ఇంటికి ఒక్క కాగితం, తెలుగులో. మీ అబ్బాయి ఫలానా తేదీన చేరతాడు, మొదటి ఫోను ఇన్ని రోజులకు వస్తుంది, శిక్షణ పూర్తయ్యేదాకా వాణ్ని ఎక్కడికీ పంపం, అత్యవసరమైతే ఈ నంబరుకు చేయండి. ఈ నాలుగు ముక్కలు రాసి మీ ముద్ర వేస్తే చాలు. మా చేతికి వచ్చిన కాగితాలు ఉన్నాయి, కాదనను. అన్నీ హిందీలో, ఇంగ్లీషులో. నేను చదువుకున్నదాన్ని కాబట్టి కూడబలుక్కుని చదివాను. వాటిలో ట్రంకుపెట్టె కొలత ఉంది, బ్యాంకు ఖాతా వివరాలు ఉన్నాయి, నామినీ ఎవరో రాయాల్సిన గడి ఉంది. అమ్మానాన్నల కోసం రాసిన వాక్యం ఒక్కటీ లేదు.

భాష కష్టం అనకండి. మావాడు ప్రవేశపరీక్ష రాసినప్పుడు ప్రశ్నలు ఇంగ్లీషులో, హిందీలో వచ్చాయి. 2025 నుంచి అదే పరీక్షను తెలుగుతో కలిపి 13 భాషల్లో పెడుతున్నారు. ఎంత మంచి పని చేశారో మాలాంటి పల్లెల్లో అడిగితే తెలుస్తుంది. లక్షలమంది పిల్లల కోసం ప్రశ్నపత్రం తెలుగులోకి తెచ్చిన సైన్యానికి, ఒక్క పేజీ ఉత్తరం తెలుగులోకి తేవడం పెద్ద పనా?

మొదటి ఫోను పదకొండో రోజు వచ్చింది. ఎవరిదో నంబరు. "అమ్మా, నానే" అన్నాడు. గొంతు బొంగురుగా ఉంది. తిన్నావా అంటే తిన్నానన్నాడు. జుట్టు కొట్టేశారన్నాడు. హిందీ అర్థం కావట్లేదు, ఉస్తాదు (శిక్షణ ఇచ్చే ఆయన) ఏదైనా చెబితే అందరూ ఏం చేస్తే అదే చేస్తున్నానన్నాడు. వాళ్ల నాన్నకు ఇచ్చేలోపే లైను కట్టయింది. 1 నిమిషం 42 సెకన్లు. ఆ నంబరును "బాబు" అని దాచుకుని మర్నాడు చేస్తే, అది వేరే పిల్లాడి మేనమామదట. ఆయనెవరో పాపం, మరాఠీలో ఏదో నిదానంగా చెప్పి పెట్టేశారు.

అప్పట్నుంచి ఆదివారాలు మా ఇల్లు మారిపోయింది. మా ఇంట్లో సిగ్నలు వంటింటి కిటికీ దగ్గరే బాగా తగులుతుంది. మా ఆయన బియ్యం గుడ్డసంచి ఒకటి చిన్నదిగా కుట్టించి, ఆదివారం పొద్దున్నే ఫోను అందులో పెట్టి కిటికీ చువ్వకు వేలాడదీసేవారు. ఆ రోజు పనికి పోయేవారు కాదు. వెయ్యి కాయలు ఒలిచే మనిషి ఆ కిటికీ కింద పీట వేసుకుని, చీపురు పుల్లలు చీలుస్తూ కూర్చునేవారు. కొన్ని ఆదివారాలు ఫోను వచ్చేది, కొన్ని ఆదివారాలు వచ్చేది కాదు. రాని రోజున ఏమైంది అంటే ఎవరు చెప్పాలి? ఫైరింగ్‌కు తీసుకెళ్లి ఉండొచ్చు, ప్లటూను మొత్తానికి శిక్ష పడి ఉండొచ్చు. ఫౌజు మాటలో దాన్ని రగడా అంటారని మాకు తర్వాత తెలిసింది. వీటిలో దేనికీ మాకు అభ్యంతరం లేదు. మా పిల్లల్ని ముద్దుచేయమని మేం అడగడం లేదు. ముద్దుచేస్తే యుద్ధంలో నిలబడలేరని మాకూ తెలుసు. ఈ ఆదివారం ఫోను ఉండదని శనివారం ఒక్క మెసేజ్ పెడితే ఆ మనిషి ఆ రోజు కూలి పోగొట్టుకునేవాడు కాదు.

జూలైలో ఒక సాయంత్రం తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. హిందీలో మాట్లాడాడు. మిలిటరీ ఆసుపత్రి నుంచి అన్నాడు, మా వాడి పేరు చెప్పాడు, కాలు విరిగింది, వెంటనే 18,000 పంపాలన్నాడు. నా చేతులు వణికాయి. ఫోన్‌పేలో అంకెలు కొట్టేశాను కూడా. మా అమ్మాయి ఫోను లాక్కుంది. సైనికుడికి సైన్యమే వైద్యం చేస్తుంది, డబ్బెందుకు అడుగుతుందని ఆ పిల్లే అంది. మోసం అది. కొడుకులు శిక్షణకు వెళ్లారని వేడుకగా ఫొటోలు, పేర్లు బయట పెడుతున్నాం కదా, దొంగలకు అవే చాలు. కానీ ఆ క్షణంలో నిజమో కాదో ఎవర్ని అడగాలి? నా దగ్గరున్న నంబర్లకు చేస్తే ఒకటి మోగి ఆగిపోయింది, ఒకటి పని చేయడం లేదంది. సైన్యం ఇంటికి ఫోను చేసి ఎప్పుడూ డబ్బు అడగదని మీ కాగితంలో ఒక్క వాక్యం ఉంటే నా వేలు ఆ అంకెల మీదికే పోయేది కాదు.

ఇక అసలు బాధ చెబుతాను. ఆగస్టు ఆఖరులో వాడికి నిజంగానే కాలికి దెబ్బ తగిలింది. పరుగుల ఒత్తిడికి మోకాలి కింద ఎముకలో సన్నని చీలిక. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో పెట్టి మంచి వైద్యమే చేశారు. అది మాకు తెలిసింది మూడు వారాలకు, వాడితో పాటు వెళ్లిన మరో అబ్బాయి వాళ్ల నాన్న పలాస సంతలో మా ఆయనకు కనబడి, మీవాడి కాలు ఎలా ఉందని అడిగితే. ఆ కేంద్రం పేరు రాయను. అక్కడి వాళ్లు మావాడికి ఏ లోటూ చేయలేదు. మూడు వారాల పాటు మేం పండగ చేసుకున్నాం, వినాయకుడి మండపం దగ్గర నవ్వుకున్నాం. ఆ నవ్వు తలుచుకుంటే ఈ రోజుకీ నాకు సిగ్గుగా ఉంటుంది. మావాడు ఎందుకు చెప్పలేదంటే, మీరు బెంగపెట్టుకుంటారని అన్నాడు. జూనియర్ బ్యాచిలోకి దింపేస్తారేమో, ఆ మాట ఇంట్లో ఎలా చెప్పాలా అని వాడి భయం వాడిది. పిల్లాడు దాస్తాడు. దాచకుండా చెప్పాల్సింది పెద్దవాళ్లు.

సంతకం మాట మళ్లీ చెబుతానన్నాను కదా. మైనరు పిల్లాణ్ని తీసుకోవడానికి నా అనుమతి కావాలని సైన్యం గౌరవంగా అడిగింది. అనుమతి ఇచ్చే హక్కున్న తల్లికి, కొడుకు ఆసుపత్రిలో ఉన్నాడని తెలుసుకునే హక్కు లేదా? ఒక రోజు దాటి ఆసుపత్రిలో ఉంచాల్సి వస్తే, ఇంటికి వాళ్ల భాషలో ఫోను చేయాలని మీరొక నియమం పెట్టండి. తెలుగు మాట్లాడే ఉస్తాదులు, సుబేదార్లు మీ దగ్గర చాలామంది ఉన్నారు. వారిలో ఒకరికి ఈ పని అప్పగిస్తే చాలు.

నా ఉద్యోగం సంగతి చెబుతాను. మూడేళ్ల బిడ్డను కేంద్రంలో చేర్చుకున్న రోజు నేను తల్లిని కూర్చోబెట్టి చెబుతాను. వారం రోజులు ఏడుస్తాడమ్మా, నువ్వు కిటికీలోంచి తొంగి చూడకు, చూస్తే ఇంకా ఏడుస్తాడు, పదకొండింటికి గుడ్డు పెడతాం, ఒంట్లో బాగాలేకపోతే నేనే కబురు పెడతాను. ఈ మాటలు విన్న తల్లి నిబ్బరంగా ఉంటుంది. చెప్పకపోతే గేటు దగ్గరే నిలబడిపోతుంది. నా దగ్గరున్నది ఒక గది, ఒక ఆయా, ఒక రిజిస్టరు. మీ దగ్గర కార్యాలయాలు, గుమాస్తాలు, కంప్యూటర్లు ఉన్నాయి.

మమ్మల్ని నిలబెట్టింది ఆ హవల్దారు గారే. ఫోనులో ఏడవకమ్మా, నువ్వు ఏడిస్తే ఆ ఏడుపు వాడు బ్యారక్‌కు మోసుకుపోతాడు అన్నారు. ఎప్పుడొస్తావు అని అడక్కు, ఈ వారం ఏం నేర్చుకున్నావు అని అడుగు అన్నారు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఉత్తరాలు రాయమన్నారు. ఫోను రెండు నిమిషాల్లో అయిపోతుంది, ఉత్తరం దిండు కింద ఉంటుంది అన్నారు. పోస్టాఫీసులో ఇన్‌ల్యాండ్ లెటర్లు తెచ్చి వారానికొకటి రాశాను. నంబరు, పేరు, కంపెనీ, ప్లటూను అన్నీ పెద్ద అక్షరాలతో పైన రాసి, లోపల ఊరి సంగతులు. ఆవు ఈనిందని, పనసచెట్టు కాసిందని, తిత్లీ తర్వాత పెట్టిన మొక్కల్లో మూడు కాపుకొచ్చాయని. మా ఆయన ఎప్పుడూ రాయరు, సంతకం పెట్టడం వరకే వచ్చు. ఒక ఉత్తరంలో మాత్రం నా రాత కింద వంకర టింకరగా సంతకం పెట్టారు, అంతే. సెలవుకు వచ్చినప్పుడు ట్రంకుపెట్టె అడుగున మొత్తం 23 ఉత్తరాలు రబ్బరుబ్యాండు వేసి ఉన్నాయి. నాన్న సంతకం ఉన్నది అన్నిటికన్నా పైన ఉంది.

ఇలాంటి పెద్దమనిషి పక్క ఊళ్లో ఉండడం మా అదృష్టం. అందరికీ ఉండరు. జిల్లా సైనిక సంక్షేమ అధికారులను నేను కోరేది ఇదే. బ్యాచి బయలుదేరే ముందు జిల్లాలో ఎంపికైన పిల్లల అమ్మానాన్నలను ఒక్క పూట పిలవండి. మాజీ సైనికుడొకరు గంటసేపు మాట్లాడితే చాలు. సేవానిధి అంటే ఏమిటి, మొదటి ఏడాది 30,000 జీతంలో చేతికి 21,000 ఎందుకొస్తుంది, 48 లక్షల బీమా ఏమిటి, నాలుగేళ్ల తర్వాత నూటికి 25 మందికే కొనసాగే అవకాశం అంటే మా ఇంటికి ఏమవుతుంది, ఇవన్నీ మేం ఇప్పుడు ఒకరి నోటి నుంచి ఒకరం అరకొరగా వింటున్నాం. పిల్లాడు వెళ్లిన మర్నాటి నుంచి, నాలుగేళ్ల ముచ్చటే కదా అని పలకరించేవాళ్లు తగులుతారు. ఆ మాట ఎంత గుచ్చుకుంటుందో అనేవాళ్లకు తెలియదు. వాళ్లకు జవాబు చెప్పాలంటే ముందు మాకు సంగతి తెలియాలి.

కసమ్ పరేడ్ గురించి చెప్పి ముగిస్తాను. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. మాకు పరేడ్ తేదీ తెలిసింది తొమ్మిది రోజుల ముందు. రిజర్వేషను దొరక్క జనరల్ బోగీలో తలుపు దగ్గర కూర్చుని వెళ్లాం. మాతో బయలుదేరాల్సిన ఒక తల్లి మోకాళ్ల నొప్పులతో అంత దూరం అలా రాలేక ఆగిపోయింది. ఆమె కొడుకు పరేడ్ అయ్యాక మా దగ్గరికొచ్చి నా కాళ్లకు దండం పెట్టాడు. వాళ్లమ్మకు పెట్టాల్సిన దండం అది.

పరేడ్ మైదానంలో వందలమందిలో మావాణ్ని గుర్తుపట్టలేకపోయాను. అందరిదీ ఒకే నడక, ఒకే జుట్టు. మా ఆయనే గుర్తుపట్టారు. ఎడమ భుజం కొంచెం కిందకు ఉంటుంది వాడికి, చిన్నప్పుడు జీడిచెట్టు మీంచి పడ్డాడు. ప్రమాణం అయ్యాక తల్లిదండ్రులకు గౌరవ్ పదక్ ఇచ్చారు. ఒక అధికారి నా చీర చెంగుకు దాన్ని గుచ్చి సెల్యూట్ చేశారు. ఇన్నేళ్లలో నాకు సెల్యూట్ చేసినవాళ్లు లేరు. ఆ పదకం చూస్తే నాకు గర్వమే. అయితే ఆ గౌరవం ఆఖరి రోజున కాకుండా మొదటి రోజు నుంచే ఉండాలని నా కోరిక. పదకం చేయించి ఇచ్చే మీకు పరేడ్ తేదీ రెండు నెలల ముందు చెప్పడం కష్టం కాదనే నమ్ముతున్నాను.

మా వీధి చివరింటి అబ్బాయి వచ్చే నెల బయలుదేరుతున్నాడు. పరీక్ష తెలుగులో రాసినవాడు. వాళ్లమ్మ నిన్న సాయంత్రం గుడ్లు తీసుకెళ్లడానికి వచ్చి, "అక్కా, మొదటి ఫోను ఎన్నాళ్లకొస్తాది" అని అడిగింది. మాకు పదకొండు రోజులకు వచ్చిందని చెప్పాను. మీవాడికీ అంతేనని చెప్పలేను కదా. అంగన్‌వాడీ రిజిస్టరు వెనక పేజీలు రెండు చింపి నాకు తెలిసినదంతా రాసి ఇచ్చాను. ఫోను గురించి, కాళ్ల గురించి, మోసగాళ్ల గురించి, ఇన్‌ల్యాండ్ లెటర్ మీద చిరునామా ఎలా రాయాలో. నంబరు రాయాల్సిన చోటు ఖాళీగా వదిలాను.

మీ జవాబు కోసం చూస్తూ,
ఒక అగ్నివీర్ తల్లి,
ఉద్దానం, శ్రీకాకుళం జిల్లా